లేని చెవిపోటు

నూజివీడు బస్టాండుకు దగ్గర్లో ఉన్న బట్టల కొట్లో చేరిన మొదటి వారంలోనే చెవుల్లో దూది పెట్టుకోవడం మొదలుపెట్టాను. కొట్టు గుమ్మంలో ఒక మైకు ఉంటుంది. అందులో ఎవరిదో రికార్డు చేసిన గొంతు పొద్దస్తమానం జనాన్ని లోపలికి పిలుస్తూనే ఉంటుంది. మామిడికాయల సీజను కావడంతో రోడ్డు మీద లారీల హారన్లు, లోపల చీర చీరకీ విప్పే ప్లాస్టిక్ కవర్ల చప్పుడు. మిగతా సేల్స్ అమ్మాయిలకి ఇవన్నీ కలిసి ఒక్క గోల. నాకు మాత్రం ఏదీ దేనితోనూ కలవదు. అన్నీ విడివిడిగా వచ్చి బుర్రలో కూర్చుంటాయి. మధ్యాహ్నానికల్లా, ఎదురుగా ఉన్నావిడ పెదాలు కదులుతుండేవి గానీ అడిగింది చీరో నైటీయో నాకు తెలిసేది కాదు.

నాకు ఆటిజం ఉంది. విజయవాడ డాక్టరు ఆ మాట చెప్పేనాటికే పాతికేళ్ళు దాటాయి. అప్పటిదాకా మా చాట్రాయి వైపు నన్ను పొగరుబోతు అనేవారు. ఇంతకుముందు పనిచేసిన మందుల షాపులో ఈ సంగతి నిజాయితీగా చెప్పాను. ఎంతో మర్యాదగా విన్నారు. అంతే మర్యాదగా మర్నాటి నుంచి రావద్దన్నారు. అందుకే ఇక్కడ నోరు విప్పలేదు. ఈ పని కూడా పోతే ఇంట్లో కూర్చుని మా అమ్మ పైకే చేసే ప్రార్థనలు వినాలి. ఆ ప్రార్థనల్లో నేనొక కష్టాన్ని.

ఓనరుగారికి నా మీద ఉన్న కంప్లయింటు ఒక్కటే, నా మొహం. అందులో ఏమీ కనబడదట. కస్టమర్లు చూసి భయపడతారట, కాస్త నవ్వమనేవారు. ట్రయల్ రూము అద్దంలో నవ్వు ప్రాక్టీసు చేశాను. పళ్ళ డాక్టరుకి చూపిస్తున్నట్టు వచ్చింది. మానేశాను.

దూది ముందుగా చూసింది ఓనరుగారి భార్య. చీరల వైపు ఆవిడదే పెత్తనం, మేమంతా అమ్మగారూ అంటాం. చెవిలో ఆ దూది ఏంటని ఆవిడ అడిగితే, చెవి పోటండీ అనేశాను. నోటికొచ్చింది అదే.

మా వైపు చెవిపోటు ఎవరి సొంతమూ కాదు. చీరలు చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా చీర పక్కన పెట్టి వైద్యం చెప్పారు. ఒకరు వాము కాపడం పెట్టమన్నారు, ఒకరు తులసి రసం పిండమన్నారు. రెండు చెవులకీ ఒకేసారి పోటేంటని ఒకావిడ అనుమానంగా అడిగితే ఆవిడ ముందు ఇంకో చీర విప్పాను. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది అతకలేదు. అమ్మగారు మాత్రం నమ్మారు. మర్నాడు మధ్యాహ్నం, కొట్టు ఖాళీగా ఉన్న వేళ, వెల్లుల్లి వేసి కాచిన నువ్వులనూనె ఇంటి నుంచి వెండి ఉగ్గుగిన్నెలో పోసుకొచ్చారు. వాళ్ళ పిల్లలకి ఉగ్గు పట్టిన గిన్నెట అది.

వద్దండీ అన్నాను. మొహమాటం అనుకున్నారు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని తల పక్కకి వంచారు. ఎవరైనా మొహం ముట్టుకుంటే నాకు ఒళ్ళంతా మంటలు. కన్నతల్లినే ముట్టుకోనివ్వను. ఆ వేళ్ళు, ఆ వెల్లుల్లి వాసన, చెవిలోకి జారుతున్న గోరువెచ్చని నూనె. లేచి పారిపోతే పని పోతుంది, కూర్చుంటే ప్రాణం పోతుంది. స్టూలు అంచు పట్టుకుని కూర్చున్నాను. ఎంత హాయిగా ఉందో చూశావా అంటూ ఆవిడ రెండో చెవి కూడా తిప్పారు.

మర్నాడూ పోశారు. ఆ మర్నాడూ పోశారు. ఇప్పుడు మైకు కంటే గిన్నె అంటేనే ఎక్కువ భయం. పోటు ఎంతకీ తగ్గకపోయేసరికి, ఏలూరులో తమకు తెలిసిన చెవి డాక్టరు ఉన్నాడనీ ఆదివారం తనే కార్లో తీసుకెళ్తాననీ అన్నారు. ఫోను కూడా చేతిలోకి తీసుకున్నారు. డాక్టరు లైటు వేసి చూస్తే ఏముంటుంది, ఆవిడ పోసిన నూనె తప్ప.

"అమ్మగారూ, నాకు చెవి పోటు లేదండీ" అన్నాను.

దూది ఎందుకో, మైకు నన్నేం చేస్తుందో, మొహం ముట్టుకుంటే ఏమవుతుందో, విజయవాడ డాక్టరు ఏం చెప్పాడో అన్నీ చెప్పేశాను. ఒకసారి మొదలుపెడితే ఆపడం నాకు రాదు. ఆవిడ ఫోను కింద పెట్టారు. అది చిన్నపిల్లలకి వచ్చేది కదా అన్నారు. ఆ పిల్లలే పెద్దవుతారండీ అన్నాను.

"మరి నూనె పోస్తుంటే ఎందుకు ఊరుకున్నావ్?"

"పని పోతుందని భయమండీ."

ఆవిడ నా మొహంలోకే చూస్తూ కూర్చున్నారు. ఎదుటివాళ్ళ మొహం చూసి మనసు తెలుసుకోవడం నాకు చేతకాదు. అది కోపమో జాలో తెలియలేదు. ఊరికే ఉండలేక చీరలు మడతపెట్టడం మొదలెట్టాను. ఒక్క మడతా కుదరలేదు. చివరికి ఆవిడ, ఈ సంగతి ఆయనకి మాత్రం చెప్పకు, ఆయనకి ఇలాంటివి అర్థం కావు అని లేచి వెళ్ళిపోయారు. అంటే ఉండమనా, ఈ నెల దాకా ఉండమనా? ఇంటికెళ్ళే బస్సులో దారంతా ఆ మాటే తిరగేసుకుంటూ కూర్చున్నాను.

మర్నాడు కూడా దూది పెట్టుకునే వెళ్ళాను. మధ్యాహ్నం ఓనరుగారు గల్లాపెట్టె దగ్గర నుంచి "ఏంటి, ఆ అమ్మాయికి ఇంకా తగ్గలేదా? ఇలాగైతే కష్టం" అన్నారు. అమ్మగారు జవాబు చెప్పకుండా లోపలికి వెళ్ళి ఉగ్గుగిన్నె పట్టుకొచ్చారు. స్టూలు చూపించారు. దూది తీసి కూర్చున్నాను. ఆవిడ వంగి, నాకొక్కదానికే వినబడేలా "ముట్టుకోనులే" అన్నారు.

గిన్నె చెవి దగ్గరికి వచ్చింది. వెల్లుల్లి వాసన లేదు. ఓరగా చూశాను, లోపల ఖాళీ. ఆవిడ రెండో చెయ్యి నా గడ్డం దాకా వచ్చి తగలకుండా ఆగిపోయింది. ఓనరుగారు అక్కడి నుంచి చూస్తూనే ఉన్నారు. అమ్మగారు గిన్నె వంచారు. నేను కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు బిగించి, ప్రాణం పోతున్నట్టు మొహం పెట్టాను.

"పాపం, నిజంగానే పోటు పెడుతున్నట్టుంది" అన్నారు ఓనరుగారు.