ఒకటో నంబరు బొట్టు

మా బావ పోయాడని అక్క ఫోన్ చేసేసరికి నేను ఉప్పల్‌లో, స్పేర్ పార్టుల షాపులో ఉన్నాను. కారు డిస్ట్రిబ్యూటర్‌లో కూర్చునే పాయింట్లు కొంటున్నాను, ఆయన కోసమే. "దవాఖానకెల్లి రాంగనే ఎక్కియ్యాలె, తెచ్చిపెట్టు బామ్మర్ది" అని ముందు రోజే పురమాయించాడు. అక్క ఏడవలేదు. "తమ్మీ, మీ బావ పోయిండు. నిమ్మళంగ రా, బండి ఉరికియ్యకు" అంది. పాయింట్ల పొట్లం చొక్కా జేబులో పెట్టుకుని నాచారం వెళ్లాను.

బావ నాచారంలో ఒక ఫ్యాక్టరీ ప్రెస్ షాపులో పనిచేసి రిటైరయ్యాడు. రేకులు వంచే ఆ ప్రెస్సుల మోతకు ఆయన చెవులు ఉద్యోగం కంటే ముందే రిటైరయ్యాయి. ఎదురుగా నిలబడి అరిస్తే తప్ప మాట అందేది కాదు. అయితే వెనక నిలబడి "ఈ డొక్కు కారు అమ్మేద్దామా అక్కా" అని గొణిగితే మాత్రం గిరుక్కున తిరిగేవాడు. ఎట్లా వినపడేదో ఆ దేవుడికే తెలియాలి.

డొక్కు అని నేను అనవచ్చు గాని మీరు అనకండి. అది పాత అంబాసిడర్. ఎవరో తుక్కుకు వేస్తుంటే తెచ్చుకుని, ప్రతి ఆదివారం దానికి స్నానం చేయించి, బానెట్ లేపి, ఏదో ఒకటి విప్పి మళ్లీ బిగించేవాడు. ఆ విప్పడం, బిగించడం చూడటానికే నేను నారపల్లి నుంచి పనిగట్టుకుని వచ్చేవాణ్ణి. అక్క చేసే చికెన్ కోసమని మా ఆవిడ అంటుంది. అదీ నిజమే.

టైమింగ్ గురించి మీకు రెండు ముక్కలు చెప్పాలి. ఇంజనులో నాలుగు ప్లగ్గులకూ వంతులవారీగా నిప్పు పంచేది డిస్ట్రిబ్యూటర్. దాన్ని వెంట్రుకవాసి అటో ఇటో తిప్పి, ఏ క్షణాన నిప్పు పడాలో కుదర్చడమే టైమింగ్. తొందరగా పడితే ఇంజను టకటకా కొట్టుకుంటుంది. ఆలస్యంగా పడితే ఎంత తొక్కినా నీలుగుతుంది. కొలిచి చూసుకోవడానికి ఒక లైటు ఉంటుంది. బావ దగ్గరా ఉండేది, కానీ డబ్బాలోంచి తీయగా నేనెన్నడూ చూడలేదు. చెవి బాగున్న మెకానిక్కులు మోత విని కుదురుస్తారు. బావకు చెవుల్లేవు. అక్కకు ఉన్నాయి.

అందుకని వాళ్లింట్లో ఆ పని ఇద్దరు చేసేవారు. అక్క గడప ముందు పీట వేసుకుని చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చునేది. బావ ఇంజను ఆన్ చేసి, డిస్ట్రిబ్యూటర్ మెడ పట్టుకుని, అక్క వైపు చూసేవాడు. అక్క వేళ్లు ఆడిస్తే ఇంకొంచెం తిప్పాలి. చెయ్యి పైకెత్తితే అక్కడ ఆపి బోల్టు బిగించాలి.

"బావా, అందరు ఇంజను దిక్కు చూస్తరు గని, పెండ్లాం దిక్కు చూసుకుంట టైమింగ్ పెట్టుడేంది?" అని అరిచి ఆటపట్టించేవాణ్ణి.

"ఇంజను అబద్ధమాడుతది బామ్మర్ది. మీ అక్క ఆడది" అనేవాడు.

"కూర ఎట్లుందంటే మాత్రం ఈనే ఆడుతడు" అని అక్క చిక్కుడుకాయలతోనే చెప్పుకునేది.

ఇక బొట్టు సంగతి. దసరాకు అక్క పానాలకు, సుత్తెకు, జాకీకి, చివరికి డిస్ట్రిబ్యూటర్ మూతకు కూడా కుంకుమ బొట్టు పెట్టేది. ఆ మూత మీద ప్లగ్గుల తీగలు దిగే గూళ్లు నాలుగు చుట్టూ ఉంటాయి. మొదటి దసరాకు అక్క పెట్టిన బొట్టు ఒకటో ప్లగ్గు గూటి పక్కన పడింది. బావ దాన్నే గుర్తుగా పెట్టుకున్నాడు. బొట్టు దగ్గర ఒకటో తీగ, అక్కణ్ణుంచి నిప్పు పడే వరుసలో మూడు, నాలుగు, రెండు. లోకంలో మెకానిక్కులందరూ గీత గీసుకుంటారు, మా బావకు బొట్టు.

ఒక దసరాకు కారును శుభ్రం చేద్దామని మూత, తీగలు ఊడదీసి అరుగు మీద పెట్టి స్నానానికి వెళ్లాడు. అక్క చూసింది. పాత బొట్టు నూనెకు నల్లబడింది. పండుగ పూట అదేం బాగుంటుందని మూతను సబ్బుతో తోమి, తుడిచి, ఎదుటి గూటి పక్కన చక్కగా కొత్త బొట్టు పెట్టింది. బావ వచ్చి బొట్టు చూసుకుని తీగలన్నీ తొడిగాడు. తాళం తిప్పాడు. సైలెన్సర్ ఢామ్మని పేలింది. వాడకట్టంతా బయటికి వచ్చింది. ఆ చప్పుడు బావకు కూడా వినపడింది!

సాయంత్రం దాకా అదే గోల. డిస్ట్రిబ్యూటర్‌ను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. అక్క పీట మీద కూర్చునే ఉంది గాని చెయ్యి లేవలేదు. పళ్లెంలో కొబ్బరికాయ అట్లాగే ఉంది. చివరికి బావ ఒకటో ప్లగ్గు ఊడదీసి, ఆ రంధ్రం మీద బొటనవేలు పెట్టమని నాకు చెప్పి, ముందు నుంచి హ్యాండిల్‌తో ఇంజనును మెల్లగా తిప్పాడు. గాలి నా వేలిని తోసింది. నేను తలాడించగానే ఆపి, నిప్పు పంచే ముల్లు ఏ గూటి వైపు ఉందో చూశాడు. బొట్టుకు సరిగ్గా ఎదురు గూటి వైపు ఉంది. బొట్టును చూశాడు. అక్కను చూశాడు.

"ఏంది గట్ల జూస్తున్నవ్? పాతది నల్లగైతే కడిగి కొత్తది పెట్టిన" అంది అక్క.

పండుగ పూట మొగుడూ పెళ్లాల తగాదా తీర్చాల్సి వస్తుందనుకున్నాను. బావ నేల మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "పిస్టను రెండుసార్లు మీదికొస్తది బామ్మర్ది. ఒకపారి దమ్ము పట్టి, ఒకపారి దమ్ము ఇడిసి. చూస్తానికి రెండూ ఒక్క తీరే. బొటనవేలు పెట్టినోనికే ఎరుక."

అది ఆయన జీవితసూత్రమైంది. నేను రంగుల కాగితం చూసి ప్లాటు కొనబోతే "బొటనవేలు పెట్టి చూసినవా?" అన్నాడు. మా అమ్మాయికి సంబంధం వస్తే అదే అన్నాడు. ఆ రెండుసార్లూ ఆయన మాట విన్నందుకు నేను ఇవాళ సుఖంగా నిద్రపోతున్నాను.

ఆ రోజే నేను, మూత మీద ఉలితో ఒక గీత పెడదాం, పీడా పోతుంది అన్నాను. "గీత ఎందుకు? మీ అక్క ఉన్నది గద" అన్నాడు. తర్వాత ప్రతి దసరాకూ మూతను రెండు చేతులా పట్టుకుని అక్క ముందు నిలబడి, ఎక్కడ పెట్టాలో గోటితో చూపించేవాడు.

దినాలయ్యాక అక్కను ఒక రాత్రి నిద్రకు పుట్టింటికి తీసుకెళ్లాలి. అమ్మానాన్నలు లేరు కనుక పుట్టిల్లంటే నారపల్లిలో మా ఇల్లే. నేను ఆటో పిలుస్తానన్నాను. "మీ బావ కార్లయితేనే వస్త. లేకుంటె ఈ గడప దాట" అంది. అక్క మాటంటే మాటే. గడప దాటకపోతే ఆ ఇంట్లో అట్లాగే ముడుచుకుపోతుందని నా భయం. కారేమో కదిలే స్థితిలో లేదు. దవాఖానాకు పోయే ముందు బావ డిస్ట్రిబ్యూటర్‌ను మొత్తం ఊడదీసి పాత లుంగీలో చుట్టిపెట్టాడు. పదో దినాన ఇల్లు కడిగినప్పుడు ఎవరో దాని మూతనూ తోమేశారు. బొట్టు లేదు.

ఒకటో ప్లగ్గు ఊడదీశాను. "అక్కా, జర బొటనవేలు పెడ్తవా?" అన్నాను. వచ్చి పెట్టింది. నేను హ్యాండిల్ తిప్పాను.

"తోస్తున్నదా?"

"తోస్తున్నది తమ్మీ."

డిస్ట్రిబ్యూటర్‌ను ఇంజనులోకి దించి, ఆ రోజు జేబులో తెచ్చిన పాయింట్లు ఎక్కించి, ముల్లు ఎటుందో చూసి, మూతపై ఒకటో గూటిని అక్కకు చూపించాను. అక్క లోపలికి వెళ్లి కుంకుమ భరిణె తెచ్చింది. అరుగు మీదున్న బావ వాళ్ల అక్క కంగారుపడింది. "నువ్వు ముట్టుకోవద్దే, మొన్ననే గద బొట్టు తీసింది..." అని ఆగిపోయింది.

"నాకు తీసిన్రు వదినె. కారుకు తియ్యలే గద" అంది అక్క.

అక్క ఉంగరం వేలితో బొట్టు పెట్టింది. నేను ప్లగ్గు బిగించి, ఆ బొట్టు నుంచి తీగలు తొడిగి, తాళం తిప్పాను. రెండుసార్లు దగ్గి ఇంజను అందుకుంది. అక్క వెళ్లి పీట మీద కూర్చుంది. నేను డిస్ట్రిబ్యూటర్ మెడ పట్టుకుని, బావ చూసినట్టే అక్క వైపు చూశాను. వేళ్లు ఆడాయి. ఇంకొంచెం తిప్పాను. చెయ్యి లేచింది.

బోల్టు బిగించి తలెత్తాను. ఇంజను సాఫీగా తిరుగుతోంది. అక్క ఎత్తిన చెయ్యి ఇంకా దించలేదు. ఉంగరం వేలి కొసన కుంకుమ ఉంది.