సిరోంచ నుంచి మంచిర్యాలకు, ఖాళీ కడుపుతో

కళ్లు ఇచ్చినవాడికి, ఆ కళ్లు మసకబారినా మనల్ని మరిచిపోనివాడికి స్తోత్రం. ఈ ప్రయాణంలో నేను విసుక్కున్న ప్రతి మాటా ఆయన విన్నాడు, అయినా క్షేమంగా ఇల్లు చేర్చాడు. ముందు ఆయనకు మహిమ, తర్వాతే బస్సుల సంగతి.

మహారాష్ట్రలో, తెలంగాణ అంచున ఉన్న మా సిరోంచ సంఘంలో ఆదివారం వాక్యం చదివేది నేను. నాకు ఎడమ కన్ను చిన్నప్పటి నుంచీ అంతంత మాత్రమే. రెండేళ్ల క్రితం కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయ్యాక అక్షరాలు కడిగి ఆరేసినట్టు కనిపించాయి. ఈ వానాకాలం నుంచి మళ్లీ మసి పట్టిన లాంతరు గాజులోంచి చూసినట్టయింది. ఒక ఆదివారం వచనం మధ్యలోనే ఆగిపోయాను.

"మోతిబిందు మల్ల వచ్చినట్టుంది అక్కా. విశ్వాసం గట్టిగ పట్టుకో. నయమయ్యేదాంక వేరేటోల్లతోని చదివిపిద్దాం" అన్నాడు సంఘపెద్ద.

నాకు ఒళ్లు మండింది. "బైబిల్ల ప్రభువే ఆ గుడ్డోని కండ్ల మీద రెండుసార్లు చెయ్యి పెట్టిండు. ఒక్కసారికి అయిపోలే" అన్నాను.

మా ఊళ్లో కళ్లద్దాలమ్మే అతను చూసి, ఇది మోతిబిందు కాదు, తీసేసిన శుక్లం మళ్లీ రాదన్నాడు. లోపల పెట్టిన లెన్సు వెనకాల పొర మసకబారుతుందట. లేజర్‌తో ఆ పొరకు చిన్న కిటికీ తెరుస్తారట, కోతా కుట్టూ ఉండవట. మంచిర్యాల కంటి ఆస్పత్రికి పొమ్మన్నాడు.

'లేజర్' అన్న మాట వినగానే మా సంఘం పెద్ద ఆపరేషనే అనుకుంది. నేను తిరిగొచ్చే దాకా ఎవరూ తినకుండా ఉపవాస ప్రార్థన చేయాలని తీర్మానించారు. అందరూ నా కోసం పస్తుంటే నేనెలా తింటాను? నేనూ, తోడు వస్తున్న మా ఆడబిడ్డ సుగుణా వట్టి మంచినీళ్లతో బయలుదేరాం. అలవాటు కొద్దీ షుగర్ గోళీ మాత్రం వేసుకున్నాను.

పొద్దున ఏడింటికి బస్సు ఎక్కాం. తెలంగాణ బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదని సుగుణ ధీమాగా ఆధార్ తీసింది.

"ఇది మహారాష్ట్రది కదమ్మా, నడువది" అన్నాడు కండక్టర్.

"మాట్లాడేది నీ తెలుగే కద బిడ్డా!"

"తెలుగుకు కాదు, ఆధార్‌కు ఫ్రీ" అని రెండు టికెట్లు చింపాడు. బస్సంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ప్రాణహిత వంతెన దాటి చెన్నూరులో బస్సు మారాం. పక్క సీట్లో ఒక ముసలమ్మ ఉడకబెట్టిన పల్లికాయలు పెట్టబోయింది. ఉపవాసమని చెప్పాను. "దవాఖానకు ఉపాసం పోతరా ఎవలన్న?" అంది. ఆమెకేం తెలుసులే అనుకున్నాను.

ఆస్పత్రి చేరేసరికి పదిన్నర. కంట్లో చుక్కలు వేసి కూర్చోబెట్టారు. కంటిపాప పెద్దదవ్వాలట. మళ్లీ చుక్కలు, మళ్లీ నిరీక్షణ. ఒంటిగంట దాటాక పిలిచారు. యంత్రం మీద గడ్డం ఆనించి, కదలొద్దన్నారు. నేను కదలడం లేదు, కానీ తల దానంతటదే వణుకుతోంది. ఒళ్లంతా చెమట.

డాక్టరమ్మ చేయి వెనక్కి తీసింది. "ఏం తిన్నారమ్మా?"

"ఉపవాసం."

"షుగర్ గోళీ?"

"ఏసుకున్న."

ఆమె సిస్టర్‌ను పిలిచి చక్కెర నీళ్లు తెమ్మంది. "గోళీ వేసుకుని తినకపోతే షుగర్ పడిపోదా? దీనికి పస్తు ఉండమని ఎవరు చెప్పారు? తల ఇలా ఊగుతుంటే లేజర్ ఎక్కడ కొట్టను? వెంటనే తినండి. వణుకు తగ్గితేనే చేస్తాను, లేకపోతే ఇంకో రోజు రావాలి."

ఇంకో రోజా! సిస్టర్ ఇచ్చిన చక్కెర నీళ్లు తాగి, ఎదురుగా ఉన్న హోటల్లో ఇడ్లీ ముందేసుకుని కూర్చున్నాను. తుంచిన ముక్క మళ్లీ పళ్లెంలోనే పెట్టేశాను. సిరోంచలో అందరికంటే పెద్దదైన ఏలియమ్మ పెద్దమ్మ కూడా నా పేరున పస్తు ఉంది. తినమని చెబుదామని ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు. ప్రార్థనలో ఫోన్లు ఆపేయాలన్నది మా సంఘం నియమం. ఆ నియమం పెట్టించింది నేనే.

"నువ్వు తిను వదినా, ఈ సంగతి ఆడ చెప్పకు" అంది సుగుణ, నా సాంబారులో తన ఇడ్లీ ముంచుతూ.

రెండోసారి తల కుదురుగా నిలిచింది. టిక్కు టిక్కుమని చిన్న చప్పుళ్లు, మెరుపులు. నొప్పి లేదు. స్తోత్రం చెప్పుకోవడం మొదలుపెట్టానో లేదో, "అయిపోయింది" అన్నారు. కంటి ఒత్తిడి చూసి, చుక్కలు రాసిచ్చి, కొన్నాళ్లు కళ్ల ముందు నల్ల నలుసులు తిరుగుతాయన్నారు. వెలుగు ముళ్లలా గుచ్చితే, ఎవరినో అడిగి తెచ్చుకున్న నల్లద్దాలు పెట్టుకుని తిరుగు బస్సెక్కాను.

చెన్నూరులో సిరోంచ బస్సు ఎంతకూ రాలేదు. అడిగితే, "వస్తది, యాడికి పోతది" అన్నారు. ఇంటి దగ్గర ఆకలితో కూర్చున్నవాళ్ల లెక్క ఆ బస్సుకేం తెలుసు?

పొద్దుగూకాక దిగి, నేరుగా మా ప్రార్థన గుడికి నడిచాం. చాపల మీద అందరూ వాడిపోయిన ముఖాలతో ఉన్నారు.

"నేను పగటీలే తిన్న. తినకుంటె లేజర్ కొట్టనన్నరు" అని గడపలోనే చెప్పేశాను. సుగుణ నెత్తి కొట్టుకుంది. సంఘపెద్ద నోరు తెరవబోయాడు.

ఏలియమ్మ పెద్దమ్మ ఆయన్ని చేత్తో ఆపింది. "గదంత తర్వాత. కన్నొచ్చిందా లేదా? ఆగిపోయిన కాడికెల్లి సదువు, ఇంటం. ఇగ నాకు ఆకలైతాంది."

నల్లద్దాలు తీసి, చదువుకునే అద్దాలు పెట్టుకున్నాను. పేజీ మీద నలుసులు ఈగల్లా తిరిగాయి. వాటి వెనక అక్షరాలు నల్లగా, విడివిడిగా నిలబడ్డాయి. ఆగిపోయిన వచనం నుంచి అధ్యాయం చివరిదాకా ఆగకుండా చదివాను.

"ఆమెన్. అన్నం పెట్టుండ్రి" అంది పెద్దమ్మ.

అటు అహేరి, పెర్మిలి వైపు ఆపరేషనయ్యాక చూపు మళ్లీ మసకబారి, ఇక ఇంతేననుకుని అరుగు మీద కూర్చున్నవాళ్లు ఎందరో ఉన్నారు. వారి కోసం నాతో కలిసి ప్రార్థించండి. వారిని డాక్టర్ దగ్గరికి పంపండి. పంపేముందు మాత్రం దయచేసి కడుపునిండా అన్నం పెట్టండి.