గుండె కింద రెండిటుకలు

దాహంతో నాలుక పిడచ కట్టుకుపోయిన మనిషిని చూసి ‘ఈమె నీళ్లలో మునిగిపోతోంది’ అని తేల్చిన డాక్టరు ఈ లోకంలో ఒక్కతే ఉంది. ఆవిడే ఈ వాక్యం రాస్తోంది. మీరు చదవబోయేది ఒక ఉపద్రవం. ఎవరూ చచ్చిపోలేదు కాబట్టి నవ్వుకోవచ్చు. చచ్చిపోకపోవడంలో నా ప్రయోజకత్వం ఏమీ లేదు కాబట్టి ఇంకాస్త గట్టిగా నవ్వుకోవచ్చు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు ‘హౌస్ సర్జన్‌గా చేసి చూడు’ అనడం ఎందుకు మరిచారో తెలియదు. నేను చేసింది వనపర్తి చుట్టుపక్కల ఒక దవాఖానలో. పేరు అడక్కండి, పాపం దాని తప్పేం లేదు. నిండుకుండ తొణకదంటారు. నేనప్పుడు సగం కుండను, తొణకడమే నా ఉద్యోగం.

ఆ వేసవిలో ఒక పొద్దున ఆత్మకూరు నుంచి చాంద్‌బీ అనే పెద్దావిడను తీసుకొచ్చారు. మూడు రోజులుగా వాంతులు, విరేచనాలు. బీపీ పాతాళంలో ఉంది. తోడుగా కొడుకు మహబూబ్, తాపీమేస్త్రి. కడుతున్న గోడను సగంలో వదిలి వచ్చాడు. చేతుల మీద సిమెంటు ఇంకా ఆరలేదు, భుజాన పనిముట్ల సంచి.

మా పెద్ద డాక్టరుగారు ఆవిడ మెడలోని పెద్ద సిరలోకి సన్నటి గొట్టం వేసి, దానికి సెంటీమీటర్ల గీతలున్న నీటి స్కేలు తగిలించారు. ఒళ్లంతా తిరిగిన రక్తం ఆ పెద్ద సిరల్లోంచే గుండెకు చేరుతుంది. అక్కడ ఒత్తిడి ఎంతుందో తెలిస్తే, ఒంట్లో నీళ్లు చాలుతున్నాయా ఎక్కువవుతున్నాయా అన్నది ఒక అంచనాకు వస్తుంది. దాన్ని మేం సీవీపీ అంటాం. పుస్తకాల్లో ‘కేంద్ర సిరా పీడనం’. ఆ రోజు పీడన ఎవరు ఎవరికి పెట్టారో మీరే తేల్చండి.

“గంటకోసారి కొలువు,” అన్నారు పెద్దాయన. “తక్కువుంటే సెలైన్ పోనియ్యి. పదిహేను దాటితే ఆపి నన్ను పిలువు. స్కేలు మీది సున్నా గుండె ఎత్తులో ఉండాలి. అది తప్పితే అన్నీ తప్పుతయి.”

“తెలుసు సార్,” అన్నాను. హౌస్ సర్జన్లు ఆడే అబద్ధాల్లో ఇదే పెద్దది. ఆ రోజు మాత్రం నిజంగానే తెలుసు. విషాదం అక్కడే ఉంది.

ఆయన ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లారు. నర్సు మణెమ్మక్క చాంద్‌బీ పక్కటెముకల మీద, గుండె ఎత్తులో, పెన్నుతో చుక్క పెట్టింది. నేను స్కేలును సెలైన్ స్టాండుకు ప్లాస్టరుతో కట్టి, సున్నాను ఆ చుక్కకు సరిచేశాను. నీళ్లు నాలుగు దగ్గర నిలిచాయి. సెలైన్ జోరుగా పోనిచ్చాను. ఇక్కడితో ఆగి ఉంటే ఈ కథా లేదు, నాకీ అపకీర్తీ లేదు.

కానీ మంచం బాగా పొట్టి. అంకె చూడాలంటే కన్ను నీటి ఎత్తుకు రావాలి, అంటే నేను గొంతుక్కూర్చోవాలి.

“మణెమ్మక్కా, ఈ మంచం ఇంత పొట్టిదేంటి?”

“మంచం పొట్టిది గాదు మేడం, మీరే పొడుగు.”

మహబూబ్ విన్నాడు. “జర ఆగుండ్రి డాక్టరమ్మా,” అని బయటికెళ్లి, దవాఖాన ప్రహరీ కడుతున్న చోట అడిగి ఎనిమిది ఇటుకలు మోసుకొచ్చాడు. వార్డుబాయ్‌ని సాయం పట్టి మంచం కాలికి రెండేసి చొప్పున పెట్టి, ఒక కన్ను మూసి చూసుకున్నాడు. “ఇప్పుడు సూడుండ్రి. పరుపు మీద గోలీ పెట్టినా దొర్లదు.”

ఎంత హాయి! మంచం లేచింది, పరుపు లేచింది, చాంద్‌బీ లేచింది, ఆవిడతోపాటు ఆవిడ గుండె లేచింది. లేవనిది ఒక్క సెలైన్ స్టాండు, దానికి కట్టిన నా సున్నా.

గంటకు మళ్లీ కొలిచాను. స్కేలు నిండా నింపి వదిలిన నీళ్లు దిగి దిగి పందొమ్మిది దగ్గర ఆగాయి.

“అక్కా, సెలైన్ బంద్!”

“ఏమైంది మేడం? ఇందాక నాలుగే ఉండె గద?”

“ఇప్పుడు పందొమ్మిది. గుండె మోయలేకపోతోంది. నీరు లాగే ఇంజెక్షన్ తియ్యండి.”

“సార్‌కు ఫోన్ జెయ్యరాదుండ్రి?”

చేశాను. థియేటర్‌లో ఉన్న మనిషి ఎత్తలేదు. దాంతో నాకు నాయకత్వ లక్షణాలు పుట్టుకొచ్చాయి.

“ఏమాయె డాక్టరమ్మా?” మహబూబ్ దగ్గరికొచ్చాడు.

“మీ అమ్మ ఒంట్లో నీళ్లు ఎక్కువయ్యాయి. చెరువు నిండి అలుగు పారుతోంది.”

“అలుగా? ఆమె నాలుక సూడుండ్రి, ఎండకు పగిలిన నల్లరేగడి లెక్కుంది. పొద్దుగాలనుంచి మూత్రం సుక్క లేదు. చెర్వు యాడ నిండె?”

“అంకె అబద్ధం చెప్పదు. మీకు గోడల సంగతి తెలుసు, నాకు గుండెల సంగతి తెలుసు.”

మంచం మీంచి చాంద్‌బీ గొంతు వినిపించింది. “బిడ్డా, జర నీళ్లియ్యరాదు? పానం గుంజుతుంది.”

“అమ్మా, మీకు నీళ్లు ఎక్కువయ్యాయి.”

“నాకా?” అందావిడ, ఇంకెవరితోనో అన్నానేమోనని పక్క మంచం వైపు చూస్తూ.

మణెమ్మక్క మందును సిరంజిలోకి తీస్తోంది. అంత నిదానంగా మందు తియ్యడం నేనెన్నడూ చూడలేదు. ఆ నిదానానికి ఈ రోజుకీ ఆమెకు దండం పెడతాను.

“ఒక్క నిమిషం,” అన్నాడు మహబూబ్. “నాకు వైద్యం తెల్వదు. నీళ్ల గొట్టం తెల్సు.”

సంచిలోంచి పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం తీశాడు. ఈ గోడ మీది గుర్తును ఆ గోడ మీదికి అదే ఎత్తులో తీసుకెళ్లడానికి మేస్త్రీలు నీళ్లు నింపి వాడేది. ఒక కొస తల్లి పక్కటెముకల మీది చుక్క దగ్గర పట్టమని మణెమ్మక్కకిచ్చి, రెండోది నా స్కేలుకు ఆనించాడు. గొట్టంలో నీళ్లు ఊగి ఊగి నిలిచాయి. స్కేలు మీద అక్కడ పదిహేను అని ఉంది.

“మీ సున్నా ఈడుండాలె డాక్టరమ్మా. అది కిందనే ఉండిపాయె. అమ్మ పైకొచ్చింది. రెండిటుకలు, ఇటుకకు మూడించులు. పదిహేను సెంటీమీటర్లు. మీ పందొమ్మిదిలకెల్లి తీసెయ్యుండ్రి.”

తీసేశాను. నాలుగు.

ఆ క్షణాన నా సీవీపీ కొలిచి ఉంటే స్కేలు చాలేది కాదు. ఎండిపోతున్న మనిషిలోంచి ఉన్న నాలుగు చుక్కలూ లాగేయడానికి అర నిమిషం దూరంలో ఉన్నాను. సిరంజి చెత్తడబ్బాలోకి పోయింది, సెలైన్ మళ్లీ మొదలైంది. స్కేలు విప్పి, సున్నాను చుక్కకు సరిచేసి కట్టాను. ప్లాస్టరు మహబూబే చించిచ్చాడు. మధ్యాహ్నానికి బీపీ లేచింది. మూత్రం సంచిలో మొదటి చుక్కలు పడినప్పుడు జూరాల ప్రాజెక్టుకు వరదొచ్చినంత సంబరపడ్డాను.

పెద్దాయన రాగానే జరిగిందంతా చెప్పేశాను. ఆయన వంగి స్కేలు చూశారు.

“సున్నా బాగా కుదిరింది. ఎవరు పెట్టిన్రు?”

“మొదట నేను సార్. తర్వాత మేస్త్రిగారు చూపిస్తే...”

“రేపట్నుంచి రౌండ్లకు ఆయన్ని రమ్మను. ఇటుకలు నువ్వు మొయ్యి.” రెండడుగులు వేసి మళ్లీ ఆగారు. “నాలుక చూడు, మూత్రం చూడు, మనిషిని చూడు. అంకె ఆ తర్వాత.”

ఇంటికి పోయే రోజు చాంద్‌బీ నా తల మీద చెయ్యి పెట్టింది. “నీళ్లు బోసి బతికిచ్చినవ్ బిడ్డా, సల్లగుండు. డాక్టరమ్మ నీ పక్క ఇడువలేదని నా కొడుకు ఒకటే జెప్తుండు.”

మహబూబ్ వైపు చూశాను. వార్డు గోడ మీది పగులును మహా శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు. ఆవిడ బయటికి నడిచాక మెల్లగా అడిగాను.

“మీ అమ్మకు చెప్పలేదా?”

“ఏం జెప్పాలె? నేను మొదట్ల కట్టిన గోడ ఏమైందో మీరు ఎవలికన్న జెప్తరా?”

“నాకు తెలియదు కదా!”

“గదే. ఈ ఇటుకల సంగతి నాక్కూడ తెల్వదు.”

ఆత్మకూరు బస్సు నిండా చెప్పుకుని నవ్వుకోగల కథను ఆయన కడుపులో దాచుకుపోయాడు. కాబట్టి చెప్పే భారం నా మీద పడింది. సమస్త సిరల, ధమనుల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: నడుము విరిగినా సరే, నేను వంగాల్సిన చోట మంచాన్ని లేపను.