కండువా మనిషి నీళ్లలోకి దిగడు

చొప్పదండిలో ఎవరన్నా పాత వీడియో సినిమాల ముచ్చట తీస్తే, ఆఖరి భాగం చెడగొట్టింది నేనే అంటరు. ఇప్పుడట్ల అనేటోళ్లలో ఒక్కరు కూడా ఆ రోజు క్వారీ కాడ లేరు. నేనున్న. అందుకే రాస్తున్న.

తొంభైల మొదట్లో, కరీంనగర్‌లో పెండ్లి వీడియోలు తీసే ఒకాయనకు సినిమా పిచ్చి పట్టింది. పటేండ్ల ఇంటి మనిషి, మేమంతా పటేలు అనేటోళ్లం. కెమెరా ఆయనదే, మాట కూడా ఆయనదే. ముసుగు కట్టుకున్న ఒక వీరుని కథ మూడు భాగాలు తీసిండు. ఆ క్యాసెట్లు గోదావరి అవతల ఇచ్చోడ, ఆసిఫాబాద్ దాకా పోయినయి. టీవీ, క్యాసెట్లు ఆడించే డెక్కు కిరాయికి తెచ్చుకొని జనం ఎగబడి చూసిండ్రు. వీరుని మెడల కండువా ఎంత కావాలంటే అంత పెరుగుతది. అదే వాని మహిమ. అందరూ కండువా మనిషి అనేటోళ్లు. ఆ వీరుని వేషం వేసింది మా తమ్ముడు, మరమగ్గం నడిపేటోడు. ఇరవై గజాల ఆ కండువా వాడే నేసిండు. చొక్కా భుజానికి దాన్ని కుట్టింది నేను.

నేను టైలర్ పని చేసేదాన్ని. బట్టలతో పాటు ఒక నోటుబుక్కు కూడా నా మీదనే పడ్డది. ఒక భాగానికి, ఇంకో భాగానికి నడుమ నెలలు గడిచేటివి. మొదట ఎడమ భుజం మీదున్న కండువా తర్వాత కుడి భుజం మీదికి పోతే చూసేటోళ్లు నవ్వుతరు. అందుకే అన్నీ రాసిపెట్టేదాన్ని. రాసుకుంట రాసుకుంట మనిషి గుణాలు కూడా రాసిన. అబద్ధమాడడు. కింద పడ్డోన్ని కొట్టడు. నీళ్లలోకి దిగడు.

ఆఖరుది కథ కోసం రాసింది కాదు. తమ్ముడు ఆరేండ్లప్పుడు వ్యవసాయ బావిలో పడ్డడు. జుట్టు పట్టి బయటికి గుంజిండ్రు. అప్పటి సంది మోకాలు లోతు నీళ్లు చూసినా వణుకుతడు. వాని ఈడోళ్లంతా బావుల్లో ఈతకొట్టి పెరిగిండ్రు. వీనికి ఈతరాదని తెలిస్తే మగ్గాల కాడ తలెత్తుకోలేడు. అందుకని నా చెయ్యి తన తల మీద పెట్టుకొని, ఎవ్వరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నడు. అట్లాంటి ఒట్టు తప్పితే ఆ తలకే ముప్పని మా అవ్వ నమ్మింది. నేనూ నమ్మిన.

నాలుగో భాగమే ఆఖరుది. వీరుడు క్వారీ గట్టు మీదికెల్లి నీళ్లలకు దుంకాలని పటేలు చెప్పిండు.

“దుంకడు,” అన్న.

“నువ్వు చెప్తవా?”

“బుక్కు చెప్తది. మొదటి భాగంల పిల్ల కాలువల కొట్టుకపోతుంటే గట్టు మీద నిలవడి కండువా ఇసిరిండు. గప్పుడు దుంకనోడు గిప్పుడెందుకు దుంకుతడు?”

“ఆఖరి భాగమని దుంకుతడు. సూది పట్టేదానివి, నీకు కథెందుకమ్మా? గుండీలు చూస్కో పో.”

అందరూ నవ్విండ్రు. అప్పుడు నేను కుడుతున్నది ఆయన చొక్కా గుండీనే. నవ్విన నలుగురి మొఖాలు ఇప్పటికీ యాదికున్నయి.

ఇంటికొచ్చినంక తమ్ముడే నన్ను బతిమాలిండు. “అక్కా, జర సప్పుడు చెయ్యకు. ఒక్కపారే గద. కండ్లు మూసుకొని దుంకుత. ఎవలో ఒకలు తీస్తరు.”

“ఎవలు తీస్తర్రా? నీకు ఈతొచ్చనే అనుకుంటరు గద!”

వాడు నా చెయ్యి తీసుకొని మళ్ల తల మీద పెట్టుకున్నడు.

చెప్తే ఒట్టు. చెప్పకుంటే నీళ్లు. ఆ రెంటి నడుమ నాకు మిగిలింది నా పనే. వాని ముసుగు మందపు నూలుది, తడిస్తే ముక్కుకు అంటుకుంటది. దాని కుట్లన్నీ విప్పి, గుంజితే ఊడేటట్టు పొడుగు కుట్లు వేసిన. కండువాను చొక్కా భుజానికి గోనెసంచులు కుట్టే దారంతో నాలుగు వరుసలు కుట్టిన.

క్వారీ గుంత మా ఊరి బావుల లెక్క కాదు. మెట్లు లేవు, పట్టుకుందామంటే చెట్టు వేరు లేదు. నాలుగు దిక్కుల కోసిన రాయి. కింద వాన నీళ్లు పచ్చగ, కదలకుండ ఉన్నయి. పొద్దు నడినెత్తికొచ్చినా అడుగు కనబడలే. ఒకడు రాయి ఇసిరిండు. చప్పుడు చానా సేపటికి వచ్చినట్టనిపించింది. కండువా అవతలి కొసను ఒక బండకు చుట్టి, మిగిలింది నా నడుముకు కట్టుకున్న.

“గదేంది?” అన్నడు పటేలు.

“కండువా ఊడి నీళ్లల్ల పోతే మళ్ల కుట్టుడు నాతోని కాదు.”

“నీ బట్ట ఫికర్ నీకు!” అని మళ్ల నవ్విండు.

తమ్ముడు దుంకిండు. నీళ్లు మూసుకున్నయి. కెమెరా నడుస్తనే ఉంది. వాడు పైకి తేలలే. “మంచిగ ఆపుతుండు దమ్ము,” అన్నడొకడు. కండువా నా చేతుల్లో రెండుసార్లు అదిరింది, తర్వాత బరువెక్కింది. నేను గుంజుడు మొదలుపెట్టిన. నా అరుపు విని ఇద్దరొచ్చి చెయ్యేసిండ్రు. రాయి అంచుకు అరచేతులు చీరుకపోయినయి. పైకొచ్చినప్పుడు ముసుగు లేదు, పెదవులు నీలంగ ఉన్నయి. బోర్లేసి వీపు మీద గుద్దితే నీళ్లు కక్కిండు.

పటేలు కెమెరాలకెల్లి కన్ను తీసి, “ముసుగు ఊడింది. మొఖం కనబడ్డది. ఇంకోపారి చేద్దాం,” అన్నడు.

తమ్ముడు వణుక్కుంటనే లేచి నిలవడ్డడు. “సరే అన్నా,” అన్నడు.

నేను కత్తెర తీసి వాని భుజం కాడ కండువాను కత్తిరించిన. “వానికి ఈతరాదు,” అన్న. గుంతల నా మాట తిరిగి వినబడ్డది. ఈసారి ఎవ్వరూ నవ్వలే. తమ్ముడు నా దిక్కు చూసిన చూపు గుంత నీళ్లకంటే చల్లగ ఉంది.

పటేలు పాత ముక్కలన్నీ అతికించి ఆఖరి భాగం ముగించిండు. వీరుడు ఎటో పోయిండని మాటలతో చెప్పించిండు. టైలరమ్మ కండువా కోసింది, కథ ఖతమైందని ఊరంతా చాటిండు. తమ్ముడు రెండేండ్లు నాతో మాట్లాడలే. తర్వాత మాట్లాడిన మొదటి మాట, “అందరి ముందట నా ఇజ్జత్ తీసినవ్.” నా అరచేతుల సంగతి ఇంతవరకు అడగలే.

ఒట్టు తప్పిన సంగతి వాడు మర్చిపోయిండు. నేను మర్చిపోలే, అవ్వ చెప్పిన ముప్పు కూడా. ముసురు పట్టిన దినాల్లో వాడు గోదావరి దాటి ఆసిఫాబాద్ దిక్కు పోతనంటే, ఏదో ఒక పని పెట్టి ఆపుత.

“నీకు పిచ్చి లేసింది,” అంటడు.

అననీ.