గోదావరి మట్టి అని నేను చెప్పిన బురద

కాకినాడ అఖాతం నుంచి తెచ్చిన నమూనాలను మమత రైల్లో ఒలకబోసిందని మా సిద్దిపేట కాలేజీలో అందరూ అనుకుంటున్నారు. అది నిజం కాదు. ఆ అఖాతానికి వెళ్లాలనుకునేవారికి దారి చెబుతూ, జరిగింది కూడా చెబుతాను.

మమత మా ఎమ్మెస్సీ విద్యార్థిని. సముద్రం మీదే ప్రాజెక్టు చేస్తానని పట్టుబట్టింది. నమూనాలు లేకపోతే మార్కులు లేవు. తోడుగా నేను బయలుదేరాను. సికింద్రాబాద్ దాకా బస్సు, అక్కడినుంచి రాత్రి రైలు. పొద్దున కాకినాడలో పెసరట్టు తిని, రేవులో పడవ కిరాయికి మాట్లాడుకున్నాం.

అఖాతంలో అలలు తక్కువే. మమత నీటి వేడి, ఉప్పదనం కొలిచింది. తాడుతో ఇనుప డబ్బా దించి అడుగు బురద తీసి, నంబర్లేసిన సంచుల్లో కట్టింది. సన్నని వలతో కంటికి ఆనని జీవులను పట్టి సీసాల్లో నింపింది. నేను పడవ అంచున వాంతి చేసుకున్నాను.

"ఏంటి మేస్టారూ, చేపలకి టిఫినా?" అన్నాడు పడవాయన.

మర్నాడు ఉదయం సామర్లకోటలో రైలెక్కాం. పెట్టె నిండా అన్నవరం యాత్రికులు. మమత పై బెర్తు ఎక్కి నిద్రపోయింది. కాసేపటికి సీటు కింద బురద సంచులు కంపు కొట్టసాగాయి. ఎదురుగా కూర్చున్న జనగామ అవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏంది బిడ్డా గది? ఏమన్న సచ్చిందా?"

దింపేస్తారేమోనని భయమేసింది. "గోదావరి మట్టి అవ్వా" అన్నాను. శాస్త్రప్రకారం అబద్ధం కాదు. అక్కడి బురద చాలావరకు గోదావరి మోసుకొచ్చిందే.

అంతలో రైలు రాజమండ్రి వంతెన ఎక్కింది. అందరూ నాణేలు వేసి దండం పెడుతున్నారు. అవ్వ కొంగు తీసేసి చేయి చాపింది.

"జెరంత పెట్టు బిడ్డా. మోకాళ్లు ఒక్కతీరుగ గుంజుతున్నయ్."

చిటికెడే కదా అని ఇచ్చాను. ఆమెకిచ్చి పక్కామెకు లేదనలేకపోయాను. కాసేపట్లో మా దగ్గర వరుస కట్టారు. ఒకాయన మా నమూనా సీసాల్లోని నీళ్లు పిల్లల నెత్తిన చల్లాడు. కంపు కొడుతోందన్న ఫిర్యాదు మీద వచ్చిన టికెట్ కలెక్టరు, బూట్లు విప్పి దోసిలి పట్టాడు.

విజయవాడలో మమత లేచింది.

"సార్, మూడో నంబరు బురద ఏది?"

అది అవ్వ మోకాళ్ల మీద ఆరుతోంది.

"సారునేమనకు బిడ్డా, పుణ్యాత్ముడు" అంది అవ్వ.

సికింద్రాబాద్‌లో సిద్దిపేట బస్సెక్కాం. ప్రజ్ఞాపూర్ దాటాక మమత అడిగింది.

"అవ్వ ఫోన్ నంబర్ తీసుకున్నరా సార్?"

"ఎందుకమ్మా?"

"మోకాళ్ల నొప్పులు తక్కువైనయో లేదో అడుగుత. రిపోర్టుల ఏదో ఒకటి రాయాలె గద."

నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగాను.

"కాలేజీల ఏం చెప్తరు?"

"ఒలికిపోయినయని చెబుదాం."

"ఎవరు ఒలకబోసిన్రని?"

"లే అమ్మా, స్టాండొచ్చింది" అని లేచాను. సిద్దిపేట ఇంకా అరగంట దూరముంది. అంతసేపూ ఖాళీ సంచులు పట్టుకుని ఇద్దరం నిలబడే వచ్చాం.