యూదులు, యాదవులు, ఒక బావి

మొన్న మధ్యాహ్నం కడపలో మా మనవరాలు ఫోను గోడకు ఆనించి, ఏదో పరదేశపు విశ్వవిద్యాలయం వాళ్ల ప్రసంగం వింటోంది. యూదుల చరిత్ర, భాష, గ్రంథాలు నేర్పే శాఖ ఒకటి అక్కడ ఉందట. వారానికొక ప్రసంగం, ఎవరైనా ఉచితంగా వినొచ్చట. నేను పక్కనే మంచం మీద కళ్లు మూసుకుని ఉన్నాను. ఇంట్లోవాళ్లు దాన్ని నిద్ర అంటారు, నేను కాదనను. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి నిద్రపోతోందనుకుంటే ఎవరూ మందులు గుర్తుచేయరు. ఇంగ్లీషు సగం తెలుస్తూ సగం తెలియకుండా చెవిలో పారుతుండగా ఆ ప్రొఫెసరు "బెఏర్" అన్నాడు. నేను కళ్లు తెరవకుండానే "బావి" అన్నాను. మనవరాలు ఉలిక్కిపడింది. "అవ్వా, ఈ భాష నీకు యాడ వచ్చింది?" అంది. కర్నూల్లో, అన్నాను. అది నవ్వింది గానీ నేను చెప్పింది నిజం.

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఊళ్లో కట్టడాలు చాలక సర్కారు కచేరీలు గుడారాల్లో పెట్టారు. ఎండాకాలం గాలి లేస్తే ఫైళ్లు తుంగభద్ర వైపు ఎగిరిపోయేవనీ, వాటి వెనకాల గుమాస్తాలు పంచెలు ఎగ్గట్టి పరుగెత్తేవాళ్లనీ చెప్పుకునేవాళ్లు. మాది మైదుకూరు దగ్గర పల్లె. స్కూలు ఫైనలు అవగానే మా నాయన నా చదువుకు తలుపు మూసి, పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు, సాయంగా ఉండమని కర్నూలు పంపాడు. పెద్దనాయన అక్కడి కాలేజీలో చరిత్ర చెప్పేవాడు. నన్ను చదివించమని తమ్ముడితో పోట్లాడి ఓడిపోయిన మనిషి. ఓడిపోయి ఊరుకోలేదు. విశ్వవిద్యాలయం నుంచి పెద్దవాళ్లను రప్పించి, నెలకొకసారి ఊరి జనం కోసం ప్రసంగాలు పెట్టించమని ప్రిన్సిపాలు వెంటపడి సాధించాడు. ఊరి జనం అంటే నేను. ఆ సంగతి ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. హాల్లో ఓ పక్కన ఆడవాళ్లకని ఒక బెంచీ వేయించాడు. దాని మీద పెద్దమ్మ కునుకు తీసేది, నేను నోట్సు రాసుకునేదాన్ని. నా కాలేజీ ఆ బెంచీయే.

మొదటి ప్రసంగానికి పదకొండు మంది వచ్చారు. రెండోదానికి తొమ్మిది మంది, అందులో పెద్దమ్మా నేనూ ఇద్దరం. మూడోసారి కూడా ఇంతే అయితే ఇక ఆపేద్దామని ప్రిన్సిపాలు అన్నాడట. అన్నం తింటూ పెద్దనాయన అది నవ్వుతూనే చెప్పాడు. పల్లెలో నాకోసం సంబంధాలు చూస్తున్నారు, ఆ బెంచీ పోతే నాకు మిగిలేది వంటిల్లే.

మూడో ప్రసంగం యూదుల చరిత్ర మీద. మద్రాసు నుంచి ఒక ప్రొఫెసరు వస్తున్నాడు. పరదేశాల్లో ఏళ్ల తరబడి ఆ భాషా ఆ గ్రంథాలూ చదివిన మనిషి. పెద్దనాయన కరపత్రం రాసి అచ్చుకిచ్చాడు. ప్రూఫు వచ్చేసరికి ఆయన ఇంట్లో లేడు, నేను చూశాను. "పంతులుగారు తొందర్లో తప్పు రాసినారమ్మా, నేనే దిద్దినా" అన్నాడు అచ్చు కూర్చే ఆయన గర్వంగా. చూస్తే "యూదుల చరిత్ర" అన్నచోట "యాదవుల చరిత్ర" అని ఉంది. మా పల్లెలో యూదులన్న మాట నేను వినలేదు. పెద్దనాయన చేతిరాత సంగతి నాకు తెలుసు. మంచి పని చేశాడు పాపం అనుకుని, కింద "సరిగ్గా ఉంది" అని ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం కూడా చేశాను. కాలేజీ బంట్రోతు ఆ కాగితాలు తీసుకెళ్లి, జనం బాగా చూస్తారని, గొర్రెల సంత గోడల నిండా అంటించాడు.

ఆ సాయంత్రం నాకు కలలాగే గుర్తుంది. మేము వెళ్లేసరికి హాలు ముందు ఎర్రటి దుమ్ము లేస్తోంది. ఆ దుమ్ములోంచి గొంగళ్లు, చేతికర్రలు, తలపాగాలు. చుట్టుపక్కల పల్లెల నుంచి గొల్లలు కుటుంబాలతో నడిచి వచ్చారు. మన చరిత్ర చెప్పడానికి మద్రాసు నుంచి ఎవరో వస్తున్నారని సంతలో ఒకరికొకరు చెప్పుకున్నారట. హాలు నిండి, కిటికీలు నిండి, మా బెంచీ మీద పెద్దమ్మకు కునుకు తీసే చోటు కూడా లేదు. గొర్రె ఉన్ని వాసన, ఎండిన చెమట వాసన. పెద్దనాయన కరపత్రం వంక చూశాడు, తర్వాత నా వంక చూశాడు. నాకు నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

ఆయన మాట్లాడకుండా ఊరుకున్నా గడిచిపోయేదేమో. ప్రిన్సిపాలు ముందు వరసలో సంతోషంగా తలలు లెక్కపెడుతున్నాడు. అయినా పెద్దనాయన లేచి చేతులు జోడించాడు. అచ్చులో తప్పు పడిందనీ, ఈ చరిత్ర యాదవులది కాదనీ, యూదులని ఎక్కడో దూరదేశపు వాళ్లదనీ, తప్పు తన ఇంటిదేననీ చెప్పాడు. నా పేరు చెప్పలేదు. హాలంతా గుసగుసలు. కొందరు వెళ్లిపోదామని కర్రలు అందుకుని లేచారు. నా బెంచీ పోయిందనే అనుకున్నాను. అప్పుడు ముందు కూర్చున్న ముసలాయన, భుజాన నల్ల గొంగళి వేసుకున్నాయన, అడిగాడు: "వాళ్లేం పని చేసేటోళ్లప్పా?" ప్రొఫెసరే జవాబిచ్చాడు. వాళ్ల మూలపురుషులు గొర్రెలు కాసేవాళ్లు అన్నాడు. "గొర్లు కాసేటోళ్లంటే మనోళ్లే కదా. ఇంత దూరం నడిచొచ్చినాము, చెప్పమను" అన్నాడు ముసలాయన, లేచినవాళ్లను చేత్తో కూర్చోబెడుతూ.

ప్రొఫెసరు తెచ్చుకున్న కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. వాళ్లు ఎండిన నేలల్లో మేత కోసం తిరిగారని చెప్పాడు. గుడారాల్లో బతికారన్నప్పుడు వెనక నుంచి ఎవరో "మన గవర్నమెంటు మాదిరి" అన్నారు, ప్రిన్సిపాలు కూడా నవ్వాడు. ఒకాయన పరాయి ఊరి బావి దగ్గర రాతిమూత ఒక్కడే దొర్లించి, మేనమామ కూతురి గొర్రెలకు నీళ్లు పెట్టాడనీ, ఆ పిల్లనే చేసుకున్నాడనీ చెబితే, మా పక్కనున్న ఆడవాళ్లు "మేనరికమేనంట!" అని మురిసిపోయారు. ఆ భాష కుడి నుంచి ఎడమకు రాస్తారన్నాడు. ఉర్దూ బోర్డుల ఊరు కాబట్టి అదీ ఎవరికీ వింత కాలేదు. వాళ్లలో చదువంటే ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ప్రశ్నలతో పోట్లాడుకోవడమనీ, మంచి ప్రశ్న అడిగినవాణ్ణి గురువు మెచ్చుకుంటాడనీ అన్నాడు. అది నేను రెండుసార్లు రాసుకున్నాను. బయట వెలుతురు తేనెరంగుకి తిరిగింది. నాకు ఆ ఎడారి ఎక్కడో లేదు, కిటికీ బయటే ఉంది.

చివర్లో ఒక బావి కథ చెప్పాడు. తండ్రి తవ్వించిన బావులను పగవాళ్లు మట్టితో పూడ్చేస్తే, కొడుకు వాటినే మళ్లీ తవ్వించి, తండ్రి పెట్టిన పేర్లే పెట్టాడట. వాళ్ల భాషలో బావిని బెఏర్ అంటారన్నాడు. ప్రశ్నలుంటే అడగమన్నాడు. ముసలాయన గొంగళి సర్దుకుని లేచాడు.

"సామీ, ఆ బాయిలో నీళ్లు ఇంకా ఉండాయా?"

ఎవరూ నవ్వలేదు. అనావృష్టి ఏడాది అది, అందరూ ఆ జవాబు కోసమే చూశారు. ప్రొఫెసరు, "తెలియదు తాతా. ఇన్నేళ్లు చదివాను, ఆ మాట నాకే తట్టలేదు. కనుక్కుని జాబు రాస్తాను" అన్నాడు. "రాయండి సామీ. ఎవురితోనన్నా చదివించుకుంటా" అన్నాడు తాత.

ప్రసంగాలు ఆగలేదు. రాజధాని హైదరాబాదుకు తరలిపోయేదాకా నెలనెలా జరిగాయి. తర్వాతి ప్రసంగంలో నేను లేచి నిలబడి నా జీవితంలో మొదటి ప్రశ్న అడిగాను. పెద్దమ్మ వెనక నుంచి ఓణీ పట్టి లాగుతూనే ఉంది. తాత ప్రతిసారీ వచ్చేవాడు. ఏ విషయమైనా ముందు వరసలోనే కూర్చునేవాడు. వెళ్లేటప్పుడు పెద్దనాయనతో "జాబు వచ్చెనా అప్పా?" అనేవాడు. జాబు రాలేదు. ఒక ఏడాది వానల తర్వాత తాతా రాలేదు. ఆయన ఊరివాళ్లు కబురు చెబితే ఆ రోజంతా నాకు ఏడుపాగలేదు. ఆయన నాకు ఏమవుతాడని ఎవరూ అడగలేదు, అడిగితే కాలేజీలో నాతో చదివినవాడని చెప్పేదాన్ని.

ఇదంతా విని మనవరాలు ఫోను దగ్గరికి తెచ్చింది. ప్రసంగం అప్పటికప్పుడు జరుగుతున్నదే, ఇంకా అయిపోలేదు. కింద ప్రశ్నలు రాసే చోటు ఉందట. "అవ్వా, ఏమని అడగల్ల?" అంది. తాత అడిగిందే చెప్పాను. అది ఇంగ్లీషులో కొట్టింది. కాసేపటికి ఆ ప్రొఫెసరు మా ప్రశ్న చదివి, కళ్లజోడు తీసి నవ్వాడు. అక్కడ ఒక పాత బావిని అదేనని చూపిస్తారట. అవునో కాదో ఎవరూ చెప్పలేరట. చదువుకునే రోజుల్లో తాను ఒకసారి అందులో చిన్న రాయి వేశాడట. ఏమీ వినిపించక, ఎండిపోయిందనుకుని వెనక్కి తిరిగాక, అడుగున నీళ్ల చప్పుడు వచ్చిందట.

మనవరాలు ఫోను ఆపేసింది. నేను మళ్లీ కళ్లు మూసుకున్నాను. కర్నూల్లో తాత వేసిన రాయి నీళ్లను తాకడానికి డెబ్బై ఏళ్లు పట్టింది.