పళ్ళక్క బిగించిన మూత

కట్టుడు పళ్ళు తయారుచేసే కార్ఖానాలో పనిచేస్తుంది కాబట్టి వీధి వీధంతా ఆవిడను పళ్ళక్క అనే పిలిచేది. పొద్దస్తమానం ఎవరెవరివో దవడల అచ్చులు ముందేసుకుని పళ్ళు నున్నగా అరగదీస్తూ కూర్చునేది. నీళ్ళంటే మాత్రం హడలు. సొంత అన్నయ్య రేవులో పడవ నడుపుతున్నా ఏనాడూ అందులో కాలు పెట్టలేదు.

ఆ పడవ ముందుభాగంలో, అడుగున చేరిన నీళ్ళు చూసుకోవడానికి పళ్ళెమంత కంత ఉంది. దానికి తిప్పి బిగించే ప్లాస్టిక్ మూత. ఎవరో బరువైన పెట్టె దాని మీద దబ్బున దించారు. మూత రెండు ముక్కలైంది. చేసిన కంపెనీ ఆ రకం మానేసి చాలా కాలమైందట. అన్నయ్య పట్టా కప్పి తాడు కట్టాడు గానీ, అల ఎగిరినప్పుడల్లా నీళ్ళు లోపలికే. రేవు అధికారి చూసి, సరైన మూత పెట్టేదాకా జనాన్ని ఎక్కించొద్దన్నాడు.

"ఇంజను బాగుంది, చెక్క బాగుంది. ఏనుగు వెళ్ళి తోక చిక్కినట్టుంది నా పని," అంటూ అన్నయ్య చెల్లెలి గుమ్మంలో కూలబడ్డాడు.

పళ్ళక్క ముక్కల్ని తిప్పి తిప్పి చూసింది. కార్ఖానాలో ప్లాస్టిక్ తీగను కరిగించి, పొర మీద పొర పేర్చి వస్తువు చేసే ప్రింటరు ఉంది. అడిగితే యజమానురాలు వాడుకోమంది.

మర్నాడు రేవుకెళ్ళి, ఒడ్డుకు లాగిన పడవ మీద వంగి, కంత అంచు మరల్లో మెత్తటి అచ్చుముద్ద ఒత్తింది, దవడకు ఒత్తినట్టే. పక్క పడవవాడు ఊరుకుంటాడా?

"ఏం బావా, పడవకి పన్ను కడుతున్నావా?"

"కట్టడం కాదు, కట్టించుకుంటున్నా!" అన్నాడు అన్నయ్య.

ఆ అచ్చు కొలతలతో ప్రింటరులో చేసిన తొలి మూత చక్కగా పట్టింది. మధ్యాహ్నం ఎండకు మెత్తబడి వంకర తిరిగిపోయింది. పళ్ళక్క దాన్ని విప్పి చేతిలోకి తీసుకుంది. నోట్లో పన్ను కుదరకపోతే చిగుళ్ళు ఒరుసుకుంటాయి, అంతే. ఇది నది మధ్యలో ఊడితే?

"నా వల్ల కాదేమో వదినా."

"ఒడ్డునే వంగింది, నయం కాదూ! ఇంకోటి చెయ్యి," అంది పక్కనే నిలబడ్డ వదిన.

ఈసారి ఎండకు ఆగే ప్లాస్టిక్ తెచ్చి, మందం పెంచి, రబ్బరు చుట్టు కూర్చోవడానికి గాడి పెట్టి చేసింది. ఎండలో పడేసింది. అన్నయ్య ఎక్కి తొక్కాడు. అధికారి బిందెలతో నీళ్ళు పోయించి చూసి, సరే అన్నాడు.

"మొదటిసారి నేనూ వస్తా," అంది పళ్ళక్క.

"నువ్వా!"

"నా మూతను నమ్మి జనం ఎక్కుతుంటే నేను ఒడ్డున కూర్చోనా?"

దారి పొడుగునా పళ్ళక్క, పక్కన కూర్చున్న వదిన చెయ్యి వదల్లేదు. ఎదురుగా పెద్ద లాంచీ వెళ్ళింది. దాని అల పడవ ముక్కు మీదుగా ఎగిరి మూతను ముంచేసింది. పళ్ళక్క కళ్ళు మూసుకుంది.

ఆవలి ఒడ్డున జనం దిగాక అన్నయ్య మూత తుడిచి, విప్పి, లోపలికి చెయ్యి పెట్టాడు.

"పొడి! ఇదిగో, చేతికి దుమ్మంటింది!"

పళ్ళక్క పడవ అంచు పట్టుకుని వంగిపోయింది.

"వాంతి వస్తోందా?" కంగారుపడ్డాడు అన్నయ్య.

"కాదు, ఏడుపొస్తోంది. ఉండు, కాసేపు ఏడవనీ."

వదిన పకపకా నవ్వి ఆమెను దగ్గరికి తీసుకుంది. అన్నయ్య మూత బిగించి, ఒడ్డున నిలబడ్డవాళ్ళను "ఎక్కండి, ఎక్కండి!" అని గొంతెత్తి పిలిచాడు.